మెరానియా: సంస్థానమా, నాయకరాజ్యమా?

సందేహం: మధ్యయుగ జర్మనీ చరిత్రను తెనిగిస్తున్నాను. మూలంలో మెరానియాను ‘డచీ’ (డ్యూక్ అనే ప్రభువు ఏలే నేల) అన్నారు. దానిని ‘సంస్థానం’ అనవచ్చునా?

సమాధానం: అనవద్దని శాసించలేను కాని, నాకు రుచించదు. ఏలిక చక్రవర్తికి తక్కువైతే చాలు, అతని నేలను పత్రికలవారు సంస్థానం చేసేస్తున్నారు. గద్వాల, వనపర్తులతో పెరిగిన ఆ మాట వినగానే పైనొక నిజాము, ఆయనకు చెల్లించే పేష్కషు మన మనసులో మెదులుతాయి. ‘సామంతరాజ్యం’ కొంత మేలు. అయితే సామంతుడు మొదట పొరుగురాజు, కప్పం కట్టేవాడు తరువాతనే అయినాడు.

అసలు డ్యూకును జర్మనులు ఏమంటారో చూడండి: హెర్ట్సోగ్. దాని ప్రాచీనరూపం హెరిట్సోగో. అందులో ‘హెరి’ సేన, ‘ట్సియోహన్’ లాగడం, నడిపించడం. ఇప్పుడు మన ‘సేనాని’ని విడదీయండి: సేనాం నయతి, సేనను నడిపేవాడు. ధాతువులు వేరైనా మాటను కట్టిన తీరు ఒక్కటే! ‘డ్యూక్’కు మూలమైన లాటిన్ ‘దుక్స్’ కూడా నడిపించేవాడే, అనగా అచ్చంగా మన నాయకుడు. దండుకు ముందు నడిచినవాడు నేలకు ఏలిక కావడం అక్కడా ఇక్కడా జరిగినదే. తిక్కన విరాటపర్వ అవతారికలో తన తండ్రిని గుంటూరి విభుడనీ, కొమ్మన దండనాథుడనీ ఒక్క ఊపిరిలో చెప్పినాడు. ఊరు ఒక మాటలో, దండు మరొక మాటలో ఉన్నాయి. కాకతీయుల కాలంలో సేనను పోషించేందుకు నాయంకరంగా ఊళ్లు పొందినవారి ‘నాయక’ పదం, తంజావూరులో రాజ్యానికే పేరైంది.

మెరానియాలో చిక్కు వేరు: బిరుదుకు తగిన నేల లేదు. 1152 ప్రాంతంలో బవేరియాలోని డాఖౌ ప్రభువుకు దక్కిన ఆ బిరుదు, 1180ల తొలినాళ్లలో ఆండెక్స్ వంశానికి చేరి, 1248లో రెండవ ఓటో నిస్సంతుగా మరణించడంతో ముగిసింది. వారి కోటలూ రాబడీ బవేరియా, ఫ్రాంకోనియాలవి. పేరు మాత్రం అడ్రియాటిక్ ఒడ్డున ఇస్త్రియా పక్కనున్న సన్నని తీరానిది. స్లావు భాషలలో ‘మోరె’ సముద్రం గనుక మెరానియా అంటే కడలి ఒడ్డు, మన వ్యవహారంలో కోస్తా. టైరోల్‌లోని మెరాన్ పట్టణానికి దీనిని అంటగట్టే పాత పొరపాటును మీరు మోయకండి. నేల చాలకున్నా బిరుదు బాగానే చెల్లింది: ఆ ఇంటి ఆడపడుచులలో ఆగ్నెస్ ఫ్రాన్సుకు, గెర్ట్రూడ్ హంగరీకి రాణులైనారు.

నాకు ‘మెరానియా నాయకరాజ్యం’ ఇష్టం. పాఠకులు తంజావూరును తలచుకొని తికమకపడతారనుకుంటే ‘డ్యూక్ రాజ్యం’ అనండి. నిజానికి ఇక్కడ ‘రాజ్యం’ అన్నదే కొంత ఎక్కువ; ‘మెరానియా డ్యూక్’ అని మనిషికి బిరుదు తగిలించి, నేలకు ఏ పేరూ పెట్టకుండా ఊరుకున్నా తప్పుపట్టను.