అటానమస్ కాలేజీలో మార్కులు లెక్చరర్ల దయేనా?

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. అటానమస్ కాలేజీలో చేర్చమని అందరూ అంటున్నారు. అక్కడ పేపరు ఇచ్చేదీ దిద్దేదీ ఆ లెక్చరర్లేనట. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ నయమా? – ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, ఎవరైనా లెక్చరర్ మీ అమ్మాయి మీద కక్ష కడితే దిక్కెవరన్నది మీ అసలు బెంగ. ఏటా కౌన్సెలింగ్ వేళ ఇదే భయంతో ఎంతోమంది వస్తారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022 నిబంధనల ప్రకారం సబ్జెక్టుకు 40 మార్కులు ఇంటర్నల్స్‌కు, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీలోనే పెట్టే మిడ్ పరీక్షల వంటివాటికి, 60 సెమిస్టర్ పరీక్షకు. ఆ 40 అనుబంధ కాలేజీలోనూ అక్కడి లెక్చరర్ల చేతిలోనివే. అయినా నేను చూసినంతలో ఇంటర్నల్స్‌లో మార్కులు కోసేవారికంటే ధారాళంగా పోసేవారే ఎక్కువ.

అటానమస్ మోజు మీద నా అనుమానం వేరు. సిలబస్, ప్రశ్నపత్రం, మూల్యాంకనం కాలేజీవి, పట్టా యూనివర్సిటీది. స్వేచ్ఛ సరే, దాన్ని వాడుకునే శిక్షణ ఏది? బడి టీచరు బీఎడ్‌లో ప్రశ్నపత్రం తయారీ నేర్చుకుంటారు. ఇంజినీరింగ్ లెక్చరర్లలో చాలామంది ఎంటెక్ పట్టాతో నేరుగా క్లాసులోకి వస్తారు. బట్టీని కాదు, ఆలోచనను పరీక్షించమని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018లో పరీక్షల సంస్కరణ విధానం తెచ్చింది. ఇప్పుడు చాలా పేపర్లలో ప్రతి ప్రశ్న పక్కన అది ఏ స్థాయి ఆలోచనను పరీక్షిస్తుందో చెప్పే గడి ఉంటుంది. ఒక మిడ్ పేపర్లో ‘స్టాక్ అంటే ఏమిటి? దాని ఆపరేషన్లు వివరించండి’ అన్న ప్రశ్నకు ఎదురుగా ఎల్4, అంటే విశ్లేషణ, అని వేశారు. శుద్ధ బట్టీ ప్రశ్నకు అంత హోదా! పైగా ఆ ప్రశ్న మిడ్‌కు ముందే ‘ఇంపార్టెంట్’ జాబితాలో చేతికందినదే. అలా తెచ్చుకున్న మార్కులు చూసి మురిసిన పిల్లలు ఉద్యోగానికి కంపెనీ పెట్టే కోడింగ్ పరీక్షలో బిక్కమొహం వేస్తారు.

లెక్చరర్లనే అని లాభం లేదు. ఆ జాబితా ఇవ్వలేదని ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసేది ఎవరు? మీలాంటి తల్లిదండ్రులే కదా! జీపీఏ తొమ్మిది దాటిందని బంధువులందరికీ చెప్పుకుంటారు. పిల్ల రాసిన జవాబుపత్రం ఒక్కసారి తెమ్మని అడగరు.

ఆ ర్యాంకు తెచ్చుకున్న పిల్ల ఏ పద్ధతిలోనైనా గట్టెక్కుతుంది, దిగులుపడకండి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఆయా కాలేజీల సీనియర్లను పట్టుకుని, ఒకే సబ్జెక్టు మిడ్ పేపర్లు వరుసగా రెండేళ్లవి అడగండి. ప్రశ్నలు అవే తిరిగొస్తున్నాయేమో మీ అమ్మాయినే చూడమనండి. దిద్దిన పేపరు చేతికిచ్చి, మార్కు ఎక్కడ పోయిందో చెబుతారా అని కూడా అడగండి. చెబుతారంటే ఆ కాలేజీని, అనుబంధమైనా సరే, పైన పెట్టండి.