జాకెట్ ముక్క ఎక్కడిదాకా వెళ్తుంది, ఎక్కడ ఆగుతుంది

"తెలిసిన విషయాలకే పెద్ద పేర్లు పెట్టడం తప్ప సోషియాలజీలో ఏముంది, రోజువారీ జీవితానికి ఏం పనికొస్తుంది?" అని అడిగారు. నేను ఎం.ఏ. ఇందులోనే చేశాను. నాకు ఎలా పనికొచ్చిందో జాకెట్ ముక్కతో చెప్తాను.

మా అమ్మ బీరువా కింది అరలో ఎప్పుడూ ఓ కట్ట ఉంటుంది. శ్రావణ మాసం పేరంటాలకు, నోములకు, గృహప్రవేశాలకు పెట్టినవి. వాటిలో కుట్టించుకునేవి తక్కువే. మిగతావి మడత విప్పకుండానే పసుపు, కుంకుమ, తాంబూలంతో ఇంకో ఇంటికి వెళ్లిపోతాయి. ఏది ఎవరు పెట్టారో అమ్మకు బాగా గుర్తు, ఎందుకంటే పొరపాటున వాళ్లకే పెడితే పరువు పోతుంది. ఎవరికీ అక్కర్లేని గుడ్డ ఇలా వీధంతా తిరగడం చిన్నప్పుడు నాకు దండగ అనిపించేది.

మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1922లో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల గురించి రాశాడు. అక్కడివాళ్లు ఎర్రటి గవ్వల హారాలను ఒక దిక్కుగా, తెల్లటి గవ్వ కడియాలను ఎదురు దిక్కుగా, దీవి నుంచి దీవికి పడవల్లో మోసుకెళ్లి ఇచ్చిపుచ్చుకునేవారు. ఎవరూ ఎల్లకాలం దాచుకోరు. ఇలాంటి ఆచారాలన్నీ కలిపి చూసిన ఫ్రెంచ్ పండితుడు మార్సెల్ మోస్, కానుక వెనక మూడు బాధ్యతలుంటాయని 1925లో చెప్పాడు: ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి. వస్తువు వాడకానికి కాదు, రాకపోకలు తెగకుండా ఉండడానికి తిరుగుతుంది. పేరంటానికి పిలిస్తే వెళ్లకపోవడం ఎందుకంత తప్పవుతుందో, పక్కింటి గిన్నె ఖాళీగా ఎందుకు తిరిగి ఇవ్వరో, పెళ్లి చదివింపుల పుస్తకం ఏళ్ల తరబడి ఎందుకు దాస్తారో నాకు అప్పుడు అర్థమైంది. ఇంకో ఫ్రెంచ్ ఆయన, సామాజిక శాస్త్రవేత్త బోర్దియూ, దీనికి కాలాన్ని కలిపాడు. 516 చదివించినవాళ్లకు మర్నాడే 516 ఇచ్చేస్తే అది బాకీ తీర్చినట్టు. వాళ్లింట్లో పెళ్లి వచ్చేదాకా ఆగి, ఓ వంద ఎక్కువ చదివిస్తేనే అది కానుక.

ఇంతవరకే అయితే మీ ప్రశ్నకు నేను ఇంత గట్టిగా జవాబు రాసేవాణ్ణి కాదు. ఆ జాకెట్ ముక్క ఎక్కడ ఆగిపోతుందో చూడటం నేర్చుకోవడమే నాకు అసలు చదువు.

బాబాయి పోయాక మా పిన్నికి పేరంటాల పిలుపులు ఆగిపోయాయి. అదే వీధి, అదే చుట్టాలు. పనికి మాత్రం పిలిచేవాళ్లు. పొద్దున్నే వచ్చి శనగలు ఉడకబెట్టేది, పులిహోర కలిపేది, ముత్తైదువులు వచ్చే వేళకు వెనక గదిలోకి వెళ్లిపోయేది. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు కూడా ఓ జాకెట్ ముక్క ఇచ్చేవాళ్లు, కానీ గుమ్మం బయట, తాంబూలం లేకుండా. ఆమె ఇంటికి వెళ్లి ఆమె చేత్తో పుచ్చుకోవడం ఎవరి ఊహలోనూ లేదు. తిరిగి ఇచ్చే వీలు లేని చోట పుచ్చుకున్నవాళ్లు తక్కువైపోతారని మోస్ చెప్పిన మాట మా గుమ్మం దగ్గరే కనిపించింది.

అమ్మనడిగితే "నాకేం పట్టింపు లేదురా, నలుగురూ ఏమంటారో అని" అంది. ఆ నలుగురిని విడివిడిగా అడిగినా అదే జవాబు! ఎవరికి వారు మంచివాళ్లే, అయినా పిన్ని వెనక గదిలోనే. మనకు బయట ఉండి మన మెడలు వంచే ఇలాంటి పద్ధతులనే సోషియాలజీకి పునాది వేసినవాళ్లలో ఒకడైన డర్క్‌హైమ్ 1895లో సామాజిక వాస్తవాలన్నాడు. అది చదివాక నా కోపం అమ్మ మీద నుంచి పద్ధతి మీదకు మళ్లింది. అమ్మతో పోట్లాడటం మానేసి ఎదురింటి ఆంటీతో, మా వదినతో మాట్లాడాను. మూడిళ్లవాళ్లూ ఒకే శ్రావణంలో పిన్నిని పేరంటానికి పిలిచారు. ఆ ఏడు కొందరు మా ఇంటికి రాలేదు. ఇప్పుడు వస్తున్నారు. పనామె సంగతి మాత్రం ఇంకా అలాగే ఉంది, దాని వెనక కులం కూడా ఉంది కాబట్టి అది పిలుపుతో తేలేది కాదు.

కోర్సు తీసుకునేట్టయితే, మొదట్లో నిర్వచనాలు బట్టీ పట్టాల్సి వస్తుంది, విసుగొస్తుంది. దానికి ముందే మన ఊళ్ల మీద పరిశోధన చేసిన ఎస్.సి. దూబే పుస్తకం 'ఇండియన్ విలేజ్' చదవండి. ఉస్మానియాలో ఉన్నప్పుడు హైదరాబాద్ దగ్గరి షామీర్‌పేట మీద తన బృందంతో అధ్యయనం చేసి 1955లో ప్రచురించాడు. అందులోని కులాలు, కుటుంబాలు, పండగలు మన పక్క ఊరివే కాబట్టి థియరీ కంటే తొందరగా బుర్రకెక్కుతుంది.