‘డార్క్ స్టార్’ చరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికన్ రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ల ‘డార్క్ స్టార్’ పాట మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి పేజీలోనే మాయాలోకం, మత్తు, అనంతయానం అన్నీ వచ్చేశాయి. ఏ రాత్రి వాయించినదాని గురించి చెబుతున్నావో అదొక్కటే రాలేదు. 1968 ఏప్రిల్‌లో సింగిల్‌గా (విడి పాట రికార్డుగా) వచ్చినప్పుడు ఈ పాట మూడు నిమిషాలు కూడా లేదు. 1969 ఫిబ్రవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వెస్ట్‌లో వాయించినది ‘లైవ్/డెడ్’ రికార్డులో 23 నిమిషాల 18 సెకన్లు. 1972 మే 11న రాటర్‌డామ్‌లో 45 నిమిషాలు దాటిపోయింది. పేరు ఒకటే గానీ ఇవి ఒక పాట కావు. తేదీ, ఊరు లేని వాక్యాలన్నీ కొట్టేయ్.

తర్వాత గడియారం పెట్టుకుని విను. ఎత్తుగడ, మొదటి చరణం, రెండో చరణం: ఈ మూడూ ఎన్నో నిమిషంలో వచ్చాయో రాసుకో. ‘లైవ్/డెడ్’లో మొదటి చరణం దాదాపు ఆరు నిమిషాలకు వస్తుంది. 1972 కచేరీల్లో చాలాచోట్ల పది నిమిషాలు దాటితే గానీ గొంతు వినిపించదు. ఆ తేడా అంకెల్లో చూపిస్తే ‘సుదీర్ఘ ఆలాపన’ అన్న మాట నీకు అవసరమే పడదు. ఎత్తుగడ నిలబడ్డ ‘A మిక్సోలీడియన్’ అనే పాశ్చాత్య స్వరక్రమంలోని స్వరాలు మన హరికాంభోజి రాగానివే. ఆ ఒక్క ముక్క చెబితే తెలుగు పాఠకుడి చెవికి దారి దొరుకుతుంది. అంతకు మించి పోలిక సాగదీయకు, వాళ్లు రాగం పాడటం లేదు.

నువ్వు వింటున్నవి కచేరీ టేపులు కాబట్టి, నిమిషాలు నమ్మే ముందు టేపు వేగం చూడు. శ్రుతి అర స్వరస్థానం దిగి వినిపిస్తే టేపు సుమారు 3 శాతం నెమ్మదిగా తిరుగుతున్నట్టు. 23 నిమిషాల పాటలో అది 40 సెకన్ల తేడా. సరిచేసేటప్పుడు స్పీడ్ మార్చు, పిచ్ ఒక్కటే మార్చే ఆప్షన్ ముట్టుకోకు. దానితో శ్రుతి కుదురుతుంది గానీ నిడివి తప్పుగానే ఉండిపోతుంది. సీ-90 క్యాసెట్‌కు ఒక వైపు పట్టేది 45 నిమిషాలే. రాటర్‌డామ్ లాంటిది అందులో ఎక్కించాలంటే మధ్యలో తిప్పక తప్పదు, అక్కడ కొన్ని సెకన్లు పోతాయి. ఆ కోతను చూసి ‘హఠాత్తుగా దిశ మార్చారు’ అని రాసినవాళ్లున్నారు.

లేబుల్ మీద తేదీని వాయిద్యాలతో సరిచూడు. రెండో డ్రమ్మర్ మికీ హార్ట్ 1971 ఫిబ్రవరి నుంచి 1974 అక్టోబరు దాకా బృందంలో లేడు, ఆ కాలమంతా డ్రమ్స్ మీద బిల్ క్రూట్స్‌మన్ ఒక్కడే. 1972 అని రాసి ఉన్న టేపులో ఇద్దరు డ్రమ్మర్లు వినిపిస్తే లేబుల్‌నే అనుమానించు. కీత్ గాడ్‌షా పియానో 1971 అక్టోబరు నుంచి మొదలు. 1972 ఆగస్టు 27 నాటి వెనేటా (ఆరెగాన్) కచేరీ ఒకసారి హెడ్‌ఫోన్‌లో విను. ఒక్క డ్రమ్మరే కావడంతో సింబల్ మోత మధ్య ఎంత ఖాళీ ఉందో, ఆ ఖాళీలోకి ఫిల్ లెష్ బేస్ గిటార్ ఎలా దూరుతుందో తెలుస్తుంది. నీ వ్యాసంలో రెండు పేరాలు దీనికే ఇవ్వు.

‘లైవ్/డెడ్’ను ఒకే రాత్రి కచేరీ అని రాశావు, అది తప్పు. ‘డార్క్ స్టార్’, దాని వెంట వచ్చే ‘సెయింట్ స్టీఫెన్’ ఫిబ్రవరి 27వి. ఆగకుండా అందుకునే ‘ది ఎలెవెన్’ మాత్రం జనవరి 26న అవలాన్ బాల్‌రూమ్‌లోది. 16 ట్రాకుల మీద పట్టి తర్వాత మిక్స్ చేసిన రికార్డు అది. మామూలు సౌండ్‌బోర్డు టేపుతో (కచేరీలో శబ్దాలు కలిపే బోర్డు నుంచి నేరుగా తీసినదానితో) దాన్ని పోల్చి ‘ఈ రాత్రి గిటార్ బలహీనం’ అనకు. స్టేజీ మీద గిటార్ ఆంప్లిఫయర్ గట్టిగా మోగినప్పుడు బోర్డులోకి గిటార్ తక్కువే పంపుతారు. హాల్లో జనం విన్నది వేరు.

1974 తర్వాతి కాలాన్ని రెండు పేరాల్లో ముగించవచ్చు. 1984 జూలై 13న బర్క్‌లీ గ్రీక్ థియేటర్‌లో వాయించాక, మళ్లీ 1989 అక్టోబరు 9న వర్జీనియాలోని హాంప్టన్‌లోనే. ఆ ఐదేళ్ల విరామం తెలిస్తే గానీ హాంప్టన్ టేపులో తొలి స్వరాలకే లేచిన ఆ అరుపు ఎందుకో అర్థం కాదు.

ముందు పట్టిక పంపు: తేదీ, ఊరు, టేపు రకం, మూడు గుర్తుల నిమిషాలు. రెండో చరణం పాడని రాత్రులకు ఆ గడి ఖాళీగా ఉంచు, సున్నా వేయకు. వ్యాసం దాని తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్న