హాస్టల్లో మద్యం నిబంధన: కొత్త వార్డెన్‌కు ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

హాస్టల్ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. తాగి దొరికినవాణ్ణి వెంటనే సస్పెండ్ చేస్తే మిగతావాళ్లు దారికొస్తారని కమిటీలో కొందరు అంటున్నట్టు రాశావు. నాకా నమ్మకం లేదు. శిక్ష మరీ పెద్దదైతే వెయ్యడానికి ఎవరికీ చేతులు రావు. గార్డు చూసీ చూడనట్టు వెళ్లిపోతాడు, పిల్లాడి భవిష్యత్తు అంటూ ఎవరో ఫోన్ చేస్తారు, చివరికి అడిగేవాళ్లు లేని కుర్రాడొక్కడు బలవుతాడు. శిక్ష చిన్నదే పెట్టు, కానీ ఎవరూ తప్పించుకోలేకుండా పెట్టు. మొదటిసారి కౌన్సెలర్ దగ్గరికి, రెండోసారి ఇంటికి కబురు, మూడోసారి గది ఖాళీ. టీమ్ కెప్టెన్‌కైనా, ట్రస్టీ గారబ్బాయికైనా ఇదే వరస.

దీనికన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. స్నేహితుడు పడిపోయాడని ఫోన్ చేసిన విద్యార్థి మీద గానీ, ఆ పడిపోయినవాడి మీద గానీ తాగినందుకు చర్య ఉండదని రాతలో పెట్టించు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో ఈ ఏర్పాటు తెచ్చింది, తర్వాత సాయం కోరే ఫోన్లు పెరిగాయి. ఇది తాగమని లైసెన్సు ఇవ్వడం కాదా అని నిన్ను నిలదీస్తారు. అలా అడిగినవాళ్లకు గదిలో ఏం జరుగుతుందో చెప్పు. లోపల గడియ పెట్టి ఉంటుంది. కుర్రాడు వెల్లకిలా పడి ఉంటాడు. చుట్టూ నిలబడ్డ స్నేహితులు, వార్డెన్‌కి తెలిస్తే మన పనీ అయిపోతుంది, పడుకోనిద్దాం, పొద్దున్నకి దిగిపోతుంది అనుకుంటారు. ఆఖరి గ్లాసు తాగాక కూడా రక్తంలో ఆల్కహాల్ కొంతసేపు పెరుగుతూనే ఉంటుందని వాళ్లకు తెలియదు. కాఫీ తాగించినా, నెత్తిన చన్నీళ్లు పోసినా అది తగ్గదు. నిద్రలో వాంతి అయితే ఊపిరాడక ప్రాణం పోవచ్చు. ఆ నిమిషంలో వాళ్లు మనకు భయపడి తలుపు తీయకపోతే, మన నిబంధన ఎంత కఠినంగా ఉంటే అంత ప్రమాదం.

అందుకే ప్రతి పిల్లాడికీ గుర్తులు నేర్పించు. ఎంత లేపినా లేవకపోవడం, నిమిషానికి 8 కన్నా తక్కువ సార్లు ఊపిరి తీయడం, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ ఎడం రావడం, పెదాలు నీలంగా మారడం, ఒళ్లు చల్లబడడం. వీటిలో ఒక్కటి కనబడినా అంబులెన్సును పిలవాలి. అది వచ్చేదాకా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎవరో ఒకరు దగ్గరే కూర్చోవాలి.

రాత్రి రౌండ్లకు ఒక్కడివే వెళ్లకు. తలుపు కొట్టి, నువ్వెవరో చెప్పి, వాళ్లు తీసేదాకా ఆగు. రిజిస్టర్లో "తాగి ఉన్నాడు" అని తీర్పు రాయకు. "మాట ముద్దగా వస్తోంది, బల్ల పట్టుకుని నిలబడ్డాడు, మంచం కింద సగం ఖాళీ అయిన సీసా ఉంది" అని చూసింది చూసినట్టు రాయి. షుగర్ పడిపోయినా మనిషి తూలుతాడు, మాట తడబడుతుంది. రేపు కమిటీ ముందు నిలబడేది నువ్వు కళ్లతో చూసిన విషయమే. మత్తులో ఉన్నవాడితో వాదన పెట్టుకోకు, గొంతు పెంచకు. మర్నాడు మధ్యాహ్నం పిలిచి, నలుగురిలో కాకుండా విడిగా మాట్లాడు. అప్పుడు పిల్లలు తల వంచుకుని నిజం చెబుతారు, నేను చాలాసార్లు చూశాను.

కొత్త బ్యాచ్‌తో మొదటి ఆరు వారాలు మరీ జాగ్రత్త. ఇంటి బెంగ, కొత్త స్నేహాలు, అందరూ తాగుతున్నారు నేనొక్కణ్ణే కాదంటే ఎలా అన్న టెన్షన్. తోటివాళ్లు ఎంత తాగుతున్నారో విద్యార్థులు ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటారని పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే పరిశోధకులు 1986లోనే రాశారు. మీ హాస్టల్లో పేర్లు అడక్కుండా ఒక సర్వే చేసి, వచ్చిన లెక్క ఉన్నదున్నట్టు నోటీసు బోర్డులో పెట్టు. తాగనివాళ్లే ఎక్కువని తేలితే, వద్దనడానికి మొహమాటపడే పిల్లాడికి అదే ధైర్యం.

సాయం కోరినవాళ్ల మీద చర్య ఉండదన్న హామీని మాత్రం నోటితో ఇవ్వకు. ముందు ప్రిన్సిపాల్ సంతకం తీసుకో. ఆ కాగితం కాపీ, అంబులెన్స్ నంబరుతో కలిపి, ప్రతి గది తలుపు వెనక అంటించు. పిల్లలు సామాన్లు దించుకునే రోజుకే ఈ పని పూర్తయి ఉండాలి.

ఇట్లు,
నీ పాత మాస్టారు