జారిందా, కాలు తట్టుకుందా, తూలిందా?

చిరంజీవి శ్రీనుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ పడిందని బాత్రూములో గరుకు టైల్స్ వేయించావట, మంచిదే. అంతటితో ఇక పడదనుకోకు నాన్నా. ముందు పక్కన కూర్చుని నెమ్మదిగా అడుగు: జారావా, కాలు తట్టుకుందా, తూలావా? మూడింటికీ విరుగుడు వేరు.

జారితే నేలా చెప్పులూ చూసుకో. అరిగిన హవాయి చెప్పులు పారేసి, మడమ వెనక పట్టీ ఉన్నవి కొను. కమోడ్ పక్కన గోడలో కడ్డీ దిగ్గొట్టించు. టవల్ స్టాండు మనిషి బరువు ఆపదు, పట్టుకోగానే ఊడొస్తుంది.

తట్టుకుందంటే పాదం సరిగా లేవడం లేదేమో చూడాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమను. లేవలేకపోతే తొడల్లో సత్తువ తగ్గినట్టే. తర్వాత గడియారం పెట్టి చూడు: కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో 3 మీటర్లు వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే ముప్పున్నట్టే లెక్క. షుగరు ఉంది కాబట్టి అరికాళ్ల స్పర్శ కూడా పరీక్ష చేయించు. బైఫోకల్ అద్దాలతో మెట్లు దిగనివ్వకు, కింది గాజులోంచి మెట్టు అంచు మసగ్గా కనిపిస్తుంది.

తూలిందంటే మాత్రం అశ్రద్ధ చేయొద్దు. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడు. నిలబెట్టాక 1 నిమిషం అయ్యాక ఒకసారి, 3 నిమిషాలు అయ్యాక ఒకసారి మళ్లీ చూడు. నిలబెట్టినప్పుడు పక్కనే చెయ్యి అడ్డంపెట్టి ఉండు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే, లేవగానే మెదడుకి రక్తం చాలడం లేదన్నమాట. ఆ అంకెలు రాసుకుని, వాడే మందులన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు, ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు ఒక్కొక్కటీ తూలిస్తాయి, కలిస్తే మరీను. అలాగని నీ అంతట నువ్వు ఏదీ ఆపేయకు. నిద్రమాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ కూడా రావొచ్చు.

రాత్రి ఒంటేలుకి లేచేటప్పుడే అసలు గండం. మంచం అంచున కూర్చుని, పాదాలు పదిసార్లు ఆడించి, నిమిషం ఆగి లేవమను. చిన్న లైటు వెలుగుతూనే ఉండాలి.

ఇక మనసు సంగతి. ఒకసారి పడ్డవాళ్లకి భయం పట్టుకుంటుంది. భయంతో నడక మానేస్తే కండ కరుగుతుంది, కండ కరిగితే మళ్లీ పడతారు. అందుకని "నువ్వు కదలకమ్మా, అన్నీ నేను తెస్తా" అనకు, ఎంత ప్రేమతోనైనా సరే. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం 10 సార్లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు, పొద్దునా సాయంత్రం దగ్గరుండి చేయించు. నడుస్తూ నీ మాటకి జవాబివ్వడానికి టక్కున ఆగిపోతోందా? అడుగు వేయడానికే మనసంతా పెట్టాల్సొస్తోందేమో. అలాంటప్పుడు వెనకనుంచి పిలవకు, ఎదురుగా వచ్చి పలకరించు. దిగులుగా ఉన్నా, మతిమరుపు పెరిగినా వయసే కదా అని వదిలేయకు, డాక్టరుకి అదీ చెప్పు.

ఎప్పుడైనా పడితే రెక్క పట్టుకుని గబుక్కున లేపొద్దు. తుంటి నొప్పి అంటే, ఒక కాలు పొట్టిగా పక్కకి తిరిగినట్టుంటే కదపకుండా 108కి ఫోన్ చెయ్యి. రక్తం పలచబడే మందు వాడుతోంది కాబట్టి తలకి దెబ్బ తగిలితే, లేచి మామూలుగా మాట్లాడుతున్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ