క్లిప్‌లెస్ పెడల్స్: పడిపోతామన్న భయం, మోకాలి నొప్పి

ప్రశ్న: నా వయసు 42. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాక్ మీద ఏడాదిగా రోడ్ బైక్ తొక్కుతున్నాను. తోటివారు క్లిప్‌లెస్ పెడల్స్‌కు మారమంటున్నారు. సిగ్నల్ దగ్గర కాలు ఊడిరాక పడిపోతానేమోనని భయంగా ఉంది. బూటును పెడల్‌కు తగిలించే ఏర్పాటుకు ‘క్లిప్‌లెస్’ అన్న పేరెందుకు? ఏ రకం కొనమంటారు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ పేరులోని ‘క్లిప్’ పాతకాలపు టో క్లిప్. పెడల్ ముందు ఒక చట్రం, దాని చుట్టూ తోలు పట్టీ ఉండేవి. సైకిల్ పందెగాళ్లు పట్టీని చేత్తో బిగించుకుని, ఆగేముందు మళ్లీ వంగి వదులు చేసుకోవలసి వచ్చేది. మంచు మీద జారే స్కీలకు బూట్లను తగిలించే బైండింగులు తయారుచేసే ఫ్రాన్స్ సంస్థ లుక్, మెలి తిప్పితే బూటు విడిపోయే ఆ పద్ధతినే 1984లో సైకిల్‌కు తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్ సైక్లిస్టు బెర్నార్ ఇనో ఆ పెడల్స్‌తోనే టూర్ ద ఫ్రాన్స్ పందెం గెలిచారు. టో క్లిప్ లేదు గనుక క్లిప్‌లెస్. అంటే మీరు భయపడుతున్న పెడల్, చేతి సాయం లేకుండా మడమను బయటికి తిప్పగానే కాలు వదిలేలా చేసినదే.

పెడల్‌కు తగులుకునేలా బూటు అడుగున బోల్టులతో బిగించే ముక్కను క్లీట్ అంటారు. మీకు నేను రెండు బోల్టుల క్లీట్ ఉండే ఎస్‌పీడీ రకం చెబుతాను. షిమానో 1990లో మౌంటెన్ బైకుల కోసం తెచ్చిన ఈ రకంలో చిన్న లోహపు క్లీట్ బూటు అడుగున లోపలికి ఒదిగి ఉంటుంది కాబట్టి టీకొట్టు దాకా మామూలుగా నడిచి వెళ్లవచ్చు. మూడు బోల్టుల రోడ్ క్లీట్ పాదానికి వెడల్పైన ఆనిక ఇస్తుంది, సుదూర ప్రయాణాల్లో అది హాయే. కానీ నున్నటి గచ్చు మీద జారుతుంది, నడిచేకొద్దీ అరుగుతుంది. ఎస్‌పీడీలోనూ ఎస్‌హెచ్56 క్లీట్ అడిగి తీసుకోండి. మామూలు ఎస్‌హెచ్51 మడమను పక్కకు తిప్పితేనే వదులుతుంది, ఎస్‌హెచ్56 మరికొన్ని దిశల్లో లాగినా వదులుతుంది. క్లీట్‌ను పట్టి ఉంచే పెడల్ స్ప్రింగు బిగువును ఆలెన్ కీతో పూర్తిగా తగ్గించి మొదలుపెట్టండి.

ఇక పడిపోవడం గురించి. కొత్తవారు వేగంలో కాక, దాదాపు ఆగిపోయిన క్షణంలోనే ఎక్కువగా పడతారు: ఎడమకాలు విడిపించుకుంటారు, సైకిల్ కుడికి ఒరుగుతుంది. అందుకే ఏ కాలు దించాలో ఒకసారి నిర్ణయించుకుని, ఎప్పుడూ ఆ కాలినే, సిగ్నల్‌కు చాలా ముందుగానే విడిపించి, శరీరాన్ని అటే వంచండి. గోడ పట్టుకుని నిలబడి, ఒక్కో కాలికి యాభైసార్లు తగిలించి తీయండి. ఆ తరువాత పచ్చిక మైదానంలో, ఆ తరువాతే రోడ్డు మీద. ఈ వరుసను దయచేసి దాటవేయకండి. పెడల్‌ను పైకి లాగితే బలం ఎంతో పెరుగుతుందన్న ప్రచారాన్ని నేను పెద్దగా నమ్మను. వేగంగా తొక్కేటప్పుడు పాదం చెదరకుండా ఉండటమే అసలు లాభం.

ప్రశ్న: మూడు బోల్టుల పెడల్స్‌కు మారిన నెల నుంచి నాకు మోకాలి పక్కన నొప్పి వస్తోంది. తిరిగి పాత పెడల్స్‌కే వెళ్లాలా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు క్లీట్ చూడండి. బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే ఎముక పెడల్ ఇరుసుకు సుమారుగా పైన రావాలి. బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడేస్తే పాదాలు సహజంగా ఎటు తిరుగుతాయో, క్లీట్ కూడా అటే తిరిగి ఉండాలి. షిమానో రోడ్ క్లీట్లలో పసుపుది 6 డిగ్రీలు, నీలానిది 2 డిగ్రీలు పాదాన్ని కదలనిస్తాయి, ఎర్రది అసలు కదలనివ్వదు. మీది ఎర్రదైతే వెంటనే పసుపుకు మారండి. కొత్త బూటు అడుగు, పెడల్ మందం మారడం వల్ల సీటు ఎత్తు లెక్క కూడా మారుతుంది, దాన్నీ సరిచూసుకోండి. ఒక్కోసారి ఒక్క మార్పే, అదీ ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే చేసి, పాత చోటును పెన్నుతో గీసి ఉంచుకోండి. రెండు వారాల్లో తగ్గకపోతే తొక్కడం ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి.