పెంచుకున్న కోడిని వండామని అబ్బాయి మాట మానేశాడు

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్లు. పెరట్లో ఒక కోడిని పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచుకున్నాడు. పేరు పెట్టి పిలిస్తే పరుగెత్తుకొచ్చేది. రెండు నెలల క్రితం అనుకోకుండా బంధువులు రావడంతో మా అమ్మ దాన్ని కోయించి వండింది. బడి నుంచి వచ్చి కోడి ఏదని అడిగితే పిల్లి ఎత్తుకుపోయిందని చెప్పాం. చాలాసేపు ఏడ్చాడు. రాత్రి మాతోపాటే భోజనానికి కూర్చున్నాడు. కూర బాగుందని మళ్లీ వేయించుకున్నాడు కూడా. వారం తర్వాత వాడికి వరసకు అన్న అయ్యే కుర్రాడు నిజం చెప్పేశాడు. అప్పటి నుంచి మాంసం, గుడ్డు ముట్టడం లేదు. నాయనమ్మతో మాట్లాడటం లేదు. మా పళ్లేల్లోకి చూసి ‘ఇవాళ ఎవరు?’ అని అడుగుతున్నాడు. ఒకరోజు విసుగొచ్చి బలవంతంగా నోట్లో ముద్ద పెడితే వాంతి చేసుకున్నాడు. మా ఆవిడ వాడినే వెనకేసుకొస్తోంది. అమ్మ వంటింట్లో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ‘కుక్కనైతే కోసేవాళ్లా నాన్నా?’ అంటే నాకు జవాబు తోచడం లేదు. వీడు మళ్లీ మామూలుగా తినేదెప్పుడు?

జవాబు: ముందు ఆ బలవంతపు ముద్ద సంగతి. అలాంటిది ఇంకెప్పుడూ జరగకూడదు. బాబును పక్కన కూర్చోబెట్టుకుని ‘ఆ రోజు నేను చేసింది తప్పు, మళ్లీ చేయను’ అని చెప్పండి. అక్కడితో ఆపండి. నీ ఆరోగ్యం కోసమే చేశానని, నువ్వు విసిగించావు కాబట్టే చేశానని తోక తగిలించారంటే చెప్పిన క్షమాపణ కాస్తా వాదన అయిపోతుంది.

మీ ఉత్తరమంతా తిండి చుట్టూ తిరుగుతోంది. రెండు నెలలు మాంసం మానేసినందువల్ల మీ అబ్బాయికి వచ్చిన నష్టమేమీ లేదు. వాడిని కుంగదీస్తున్నవి వేరే ఉన్నాయి. కోడి పోయిన దుఃఖం ఎలాగూ ఉంది, అది రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. పెద్దవాళ్లందరూ కలిసి తనతో అబద్ధం ఆడారన్నది అంతకన్నా లోతుగా దిగబడింది. తమ కళ్లెదుట ఏడుస్తున్న పిల్లవాడికి ఇంట్లో ఒక్కరూ నిజం చెప్పలేదు, పైగా పిల్లి మీదకు నెట్టారు. ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ ‘మళ్లీ వేయించుకున్నాడు’ అన్న మాట. పైకి నాయనమ్మ మీద కోపం కనిపిస్తోంది కానీ, లోపల వాడికి తన మీద తనకే అసహ్యం ఉండి ఉంటుందని నా అనుమానం. తాను ప్రాణంగా చూసుకున్నదాన్ని రుచిగా ఉందంటూ తిన్నాడు. ఆ మాట వాడు మీతో అనడు, అనలేడు. మీరే అనాలి: ‘నీకు తెలియదు. తెలిసిన మేం చెప్పలేదు. ఆ భారం మాది, నీది కాదు.’ ఒక్కసారి చెబితే సరిపోదు. సందర్భం వచ్చినప్పుడల్లా చెప్పండి.

మీ అమ్మగారిని దోషిగా నిలబెట్టాలని నా ఉద్దేశం కాదు. పెరట్లో తిరిగే కోడికి గింజలు వేసి, పిల్లి నుంచి కాపాడి, అవసరమొచ్చినప్పుడు కోసి వండటం ఆమెకు తెలిసిన జీవితం. ఆ రెంటికీ మధ్య వైరుధ్యం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. వాకిట్లోకి వచ్చిన బంధువులకు మంచి భోజనం పెట్టాలనుకున్నారు. కానీ అది మనవడి కోడి అని ఆమెకు తెలుసు. ఆమె వాడికి చెప్పవలసినది రెండే వాక్యాలు: ‘అది నీదని తెలిసి కూడా నిన్ను అడగలేదు. నీకు అబద్ధం చెప్పాను.’ ఆ వెంటనే ‘ఆఫ్టరాల్ కోడే కదరా’ అని మాత్రం అనవద్దని ఆమెను ఒప్పించండి. ఆమె చెప్పగానే వాడు ఒళ్లోకి వచ్చి వాలిపోతాడని ఆశపడవద్దు. ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి.

ఇప్పుడు కుక్క ప్రశ్నకు వద్దాం. నిజాయితీగా చెప్పగల జవాబు ఇది: కోసేవాళ్లం కాదు. దానికి కారణం కుక్కకు నొప్పి తెలిసి కోడికి తెలియకపోవడం కాదు. 2012లో కేంబ్రిడ్జిలో సమావేశమైన నాడీశాస్త్రవేత్తలు క్షీరదాలకు, పక్షులకు, ఆక్టోపస్‌లాంటి కొన్ని ఇతర జీవులకు కూడా స్పృహ కలిగించే నాడీ వ్యవస్థ ఉందని ఉమ్మడి ప్రకటన చేశారు. బ్రిటన్ 2022లో చేసిన చట్టం పీతలను, రొయ్యలను కూడా బాధ తెలిసే ప్రాణుల జాబితాలో చేర్చింది. అంటే తేడా ఆ జంతువుల్లో లేదు, మనం దేన్ని ఇంట్లోకి రానిచ్చాం, దేన్ని వంటింట్లోకి పంపాం అన్న అలవాటులో ఉంది. ఒక సమాజం ముద్దు చేసే జంతువును మరో సమాజం తింటుంది. మీ అబ్బాయి ఆ గీతను చెరిపేసి, అటుదాన్ని ఇటు తెచ్చి పేరు పెట్టాడు. అంతే జరిగింది.

వాడితో మాట్లాడేటప్పుడు కొన్ని వాదనలు పక్కన పెట్టండి, అవి 11 ఏళ్ల పిల్లవాడి ముందు కూడా నిలబడవు. పులి లేడిని తినడం లేదా అంటారు. పులికి వేరే దారి లేదు, తప్పొప్పులు ఆలోచించే శక్తీ లేదు. అవి పుట్టిందే అందుకు అంటారు. వాటిని అందుకు పుట్టిస్తున్నది మనమే. అందరూ తింటున్నారు అంటారు. ఇది పరీక్షలో కాపీ కొట్టిన పిల్లవాడు చెప్పే మాట. బలమైన వాదనలు వేరే ఉన్నాయి: పంట పండని మంచు ప్రాంతాల్లో, ఎడారి అంచుల్లో బతికేవాళ్లకు మాంసం, పాలు లేకపోతే తిండి లేదు. కోట్లమందికి పశువులే జీవనాధారం. కొందరికి వైద్య కారణాలుంటాయి. వీటిని చెప్పండి. మీ ఇంటికి అవి ఎంతవరకు వర్తిస్తాయని వాడు అడిగితే మాత్రం తడబడకండి. ‘నాకు చిన్నప్పటి నుంచి అలవాటు, రుచి ఇష్టం, మానాలని ఇంకా అనుకోలేదు’ అనండి. తండ్రి నోట అలాంటి మాట వింటే పిల్లలకు చులకన కలగదు. అబద్ధం విన్నప్పుడే కలుగుతుంది, అది మీరు ఈపాటికే చూశారు.

నా అభిప్రాయం దాచుకోను. వాడి ప్రశ్న మీ ఇంట్లో ఉన్న జవాబులన్నిటికంటే గట్టిది. నిజానికి మీ పెరటి కోడి అదృష్టవంతురాలు, ఎండ చూసింది, మట్టి కెలికింది. ప్రపంచంలో ఏటా తిండి కోసం చంపే నేల జంతువులు 8 వేల కోట్లకు పైమాటే, చేపల లెక్క వేరు. అందులో అత్యధికం కోళ్లే. ఏళ్ల తరబడి బతకగలిగిన పక్షిని మాంసం కోసం ఆరు వారాలకే కోతకు పంపుతారు. గుడ్ల కోసం పెంచే జాతిలో మగపిల్లలు గుడ్డు పెట్టవు, మాంసానికీ పనికిరావు కాబట్టి గుడ్డు నుంచి బయటికొచ్చిన రోజే వాటిని చంపేయడం పరిశ్రమలో మామూలు. జర్మనీ 2022 నుంచి దాన్ని నిషేధించింది. పంజరాల్లో ఒక్కో పెట్టకు దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. అలాంటి పాత తరహా పంజరాలను యూరోపియన్ యూనియన్ 2012 నుంచి రద్దు చేసింది. ఇవన్నీ వాడికి ఏకరువు పెట్టమని కాదు. మరో ఏడాదికో రెండేళ్లకో ఫోనులో వాడే చూస్తాడు. అప్పుడు మీరు మొదటిసారి వింటున్నవారిలా నోరు వెళ్లబెట్టకూడదని చెబుతున్నాను.

‘ఇవాళ ఎవరు?’ అంటే మీకెందుకంత కోపం వస్తోందో కూడా ఆలోచించండి. 2010లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి ఎండబెట్టిన పశుమాంసం, మరికొందరికి జీడిపప్పు తినిపించి, తర్వాత జంతువుల గురించి ప్రశ్నలు వేశారు. మాంసం తిన్నవాళ్లు ఆవు పట్ల మనకుండాల్సిన నైతిక బాధ్యతను తక్కువ చేసి చెప్పారు. చేతిలో ఉన్నదాన్ని బట్టి మనసు సర్దుకుంటుందన్నమాట. 2012లో వచ్చిన ఇంకో పరిశోధనలో, మాంసాహారుల్లో కొందరిని ‘శాకాహారులు మీ గురించి ఏమనుకుంటారో’ ముందుగా ఊహించుకోమన్నారు. అలా ఊహించుకున్నవాళ్లే శాకాహారులను ఎక్కువగా చిన్నబుచ్చారు. బహుశా మీకూ మండుతున్నది అక్కడే. కన్నకొడుకు ముందు న్యాయస్థానంలో నిలబడ్డట్టు ఉంటోంది.

అయితే వాడికి కూడా ఒక హద్దు కావాలి. తన పళ్లెంలో ఏముండాలో వాడి ఇష్టం, ఎదుటివాళ్ల పళ్లెంలో వేలు పెట్టడం కుదరదు. మాంసం గురించి ఎంతసేపైనా మాట్లాడుకుందాం, భోజనాల వేళ మాత్రం వద్దని చెప్పండి. చెప్పిన మాట మీద నిలబడి, ఆ మాట్లాడుకునే సమయం నిజంగా ఇవ్వండి. మీ ఆవిడ వాడి పక్షం, మీరు మీ అమ్మగారి పక్షం అన్నట్టు ఇల్లు చీలిపోకుండా ఈ నియమాన్ని మీరిద్దరూ కలిసే చెప్పాలి.

ఆరోగ్యం గురించి కంగారు అక్కర్లేదు, అలాగని నిర్లక్ష్యమూ పనికిరాదు. పాలు, పప్పులు, గింజలు, ఆకుకూరలు తింటూ ఉంటే ఎదుగుదలకు ఇబ్బంది ఉండదు. పాలు కూడా మానేస్తే మాత్రం బి12 విటమిన్ మందు రూపంలో ఇవ్వక తప్పదు, మొక్కల నుంచి అది నమ్మకంగా అందదు. ఒకసారి పిల్లల వైద్యుడికి చూపించి, రక్తంలో ఇనుము, బి12 ఎంతున్నాయో పరీక్ష చేయించండి. బరువు తగ్గినా, మిగతా తిండి కూడా వద్దంటున్నా, నిద్రలో ఉలిక్కిపడుతున్నా, బడికి వెళ్లనంటున్నా పిల్లల మానసిక నిపుణుడిని కలవడం ఆలస్యం చేయవద్దు.

మళ్లీ ఎప్పుడు తింటాడని అడిగారు. ఏడాదికి తినవచ్చు, జన్మలో తినకపోవచ్చు. ఇంట్లో ఎవరూ ఆ లెక్క పెట్టుకోవద్దు, చుట్టాల ముందు ఆ ప్రస్తావన తేవద్దు. ఇంకో కోడిపిల్లను తెచ్చి ఊరడించాలనే ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. వాడు అడిగితే తప్ప తేకండి. అడిగితే మాత్రం, దాన్ని ఎప్పటికీ కోయబోమా లేదా అన్నది అది పెరట్లో అడుగుపెట్టక ముందే, మీ అమ్మగారు కూడా ఉండగా తేల్చుకోండి.